బాల్కనీ ఇచ్చిన జవాబు

సిమెంటు మాస్టారు గొణుక్కుంటూనే తల ఊపిన చోట పోయిన వారం మనం ఆగాం. ఆ తల ఊపుడు కోసం మన అతుకులమ్మ ఎన్ని మెట్లు ఎక్కి దిగిందో మొదటినుంచీ చదువుతున్నవాళ్ళకు తెలుసు. ఇవాళే కథలో అడుగుపెట్టినవాళ్ళకు నాలుగు మాటలు చెబుతాను.

ఆమె ఉద్యోగం విశ్వవిద్యాలయం కళాకేంద్రంలో. నాటకం వాళ్ళొచ్చినా, పాటగాళ్ళొచ్చినా, ప్రదర్శన ముగించుకుని పెట్టెలు సర్దుకునేలోగా వాళ్ళను ఏదో ఒక తరగతిలోకి లాక్కెళ్ళి, పాఠానికీ ఆటకీ ముడి వేయడం ఆమె పని. గొంతు వైద్యం చదివే పిల్లల ముందు గాయకుణ్ణి కూర్చోబెట్టింది. యంత్రాలు చదివే పిల్లలకు బొమ్మలాట వాళ్ళ తాళ్ళూ కీళ్ళూ చూపించింది. "అతుకులమ్మ ఈసారి దేనికి దేన్ని అతికిస్తుందో చూద్దాం" అని ఒక మీటింగులో రిజిస్ట్రారు వెటకారం చేశాడు. పేరు అలాగే ఉండిపోయింది. ఆమెకు కోపం రాలేదు సరికదా, ఫోనులో తన పేరు కూడా అలాగే రాసుకుంది.

ఇప్పుడు వచ్చినవాళ్ళు కాలిదరువు బృందం. చెక్క అడుగుల బూట్లు వేసుకుని, వాయిద్యం అన్నది లేకుండా, వేదికనే మద్దెలగా చేసి మోగించే మనుషులు. వాళ్ళను కట్టడాల పాఠానికి కలపాలన్నది ఆమె ఆలోచన. ఆ పాఠం చెప్పే సిమెంటు మాస్టారు ఒకే ఒక్క షరతు పెట్టాడు. "మా పిల్లలు చప్పట్లు కొట్టడానికి రారమ్మా. ఏదైనా కొలవాలి. కొలిచే పని లేకపోతే నాకక్కడ పనే లేదు."

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ అతుకుల వ్యవహారం ఉంచాలా, ఎత్తేయాలా అన్నది సాయంత్రం ప్రదర్శన చూశాక తేలుస్తానని వైస్ చాన్సలర్ చెప్పాడు. హాలు టికెట్లన్నీ ఎప్పుడో అయిపోయాయి.

* * *

కొలవడానికి మాస్టారు ఎంచుకున్నది బాల్కనీని.

ఆ హాలుకు అందం ఆ బాల్కనీయే. కింద ఒక్క స్తంభం లేకుండా, గోడలోంచి చాచిన అరచేతిలా ముందుకు వచ్చి ఉంటుంది. కింద కూర్చున్నవాళ్ళకు ఏ అడ్డూ ఉండదు. పొద్దున్నే విద్యార్థులు అగ్గిపెట్టెలంత సెన్సర్లను దాని ముందంచు పొడవునా టేపుతో అంటించారు. వైర్లన్నీ ఒక ల్యాప్‌టాప్‌లోకి పోయాయి. దాని ముందు ఒక అమ్మాయి కూర్చుంది. మిగతా తరగతి అంతా బాల్కనీ వరసల్లో నిలబడింది. మాస్టారు చెవిమీద పెన్సిలుతో గోడకు ఆనుకుని, పెళ్ళికి బలవంతాన వచ్చిన చుట్టంలా నిలబడ్డాడు.

కింద వేదిక మీద బృందం నాయకురాలు పెద్దక్క చేతులు నడుముకు పెట్టుకుని పైకి చూసింది. యాభై దాటిన మనిషి. మైకు అవసరం లేని గొంతు.

"మా చివరి ఆట పేరు జవాబు. మేం కాళ్ళతో అడుగుతాం, మీరు కాళ్ళతో చెప్పాలి. నోరు కదిపినవాళ్ళకి మార్కులు తీసేయమని మీ మాస్టారితో చెబుతా."

పిల్లలు నవ్వారు. అతుకులమ్మ వేదిక పక్కన నిలబడి, ఆ నవ్వు వినగానే గుండెల మీద బరువు దిగినట్టు ఊపిరి వదిలింది. తరగతి నవ్విందంటే సగం పని అయినట్టే.

దరువు మొదలైంది. మడమ, మునివేళ్ళు, మడమ. ముందు ఒక్కరు, తర్వాత ఇద్దరు, తర్వాత బృందమంతా. చెక్క మీద చెక్క పడుతుంటే హాలంతా ఒక పెద్ద గుండెకాయలా కొట్టుకోసాగింది. పెద్దక్క చెయ్యి ఎత్తింది. పైనుంచి జవాబు వచ్చింది, గులకరాళ్ళు బుట్టలోంచి ఒలికినట్టు, ఎవరి దారి వాళ్ళదిగా.

"ఇది జవాబు కాదు, జనం బస్సెక్కడం. మళ్ళీ."

మళ్ళీ చేశారు. మూడోసారికి సిగ్గు వదిలింది. ఆ తర్వాత తరగతి మొత్తానికి కలిపి ఒకే కాలు ఉన్నట్టు దరువు పడింది. ఒక్క దెబ్బ. ఒక్క జవాబు. పిల్లల ముఖాలు వెలిగిపోయాయి. అప్పటిదాకా ఒకరితో ఒకరు మాట్లాడుకోనివాళ్ళు కూడా భుజాలు పట్టుకుని తొక్కుతున్నారు. గోడకు ఆనుకున్న మాస్టారి కాలు కూడా ఆయనకు తెలియకుండానే ఆడుతోంది. అది చూసి అతుకులమ్మకు ఎగిరి గంతేయాలనిపించింది. మూడు నెలలుగా ఆయన చుట్టూ తిరిగింది ఈ ఒక్క కాలి కోసమే మరి.

"సర్," అంది ల్యాప్‌టాప్ ముందున్న అమ్మాయి. "ఇది తగ్గట్లేదు."

మాస్టారు వంగి చూశాడు. తెర మీద గీత ఒక్కో దెబ్బకీ లేచి పడాలి. పడడం లేదు. ఒక దెబ్బ మీద ఇంకో దెబ్బ ఎక్కుతోంది. అల మీద అల. ఆయన కాలు టక్కున ఆగిపోయింది.

"ఆపండి."

ఎవరికీ వినబడలేదు.

"ఆపండి అంటున్నా."

కింద అతుకులమ్మకు మాట వినబడలేదు కానీ ఆయన ముఖం కనబడింది. ఆ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆమె ఒక్క ఉదుటున వేదిక ఎక్కి పెద్దక్క రెండు చేతులూ పట్టుకుంది. బృందం ఆగింది. పైన పిల్లలు ఆగారు.

అందరూ ఆగారు. బాల్కనీ ఆగలేదు.

కొద్దిగానే. నిద్రలో మనిషి ఊపిరి తీసినంత. కానీ పైన నిలబడిన ప్రతి ఒక్కరి అరికాళ్ళకూ తెలిసింది. అంచు కింద నుంచి సన్నటి సున్నం పొడి రాలి, కింది కుర్చీల ఎర్రగుడ్డ మీద తెల్లగా పరుచుకుంది.

"ఎవరూ పరుగెత్తొద్దు," అన్నాడు మాస్టారు. గొంతు మామూలుగా ఉంచడానికి ఆయన పడుతున్న పాట్లు తెలుస్తూనే ఉన్నాయి. "ఒక్కొక్కరూ దిగండి. అడుగులు కలపకండి. ఎవరికి తోచినట్టు వాళ్ళు నడవండి, ఇందాక పెద్దక్క అన్నది చూడండి, అలాగే, బస్సెక్కినట్టు."

* * *

గంట మోగింది. తరగతి అయిపోయింది. ఒక్కరూ కదలలేదు.

వేదిక ముందు నేల మీద అందరూ మాస్టారి చుట్టూ గుంపుగా కూర్చున్నారు. ఆయన నిలబడలేకపోతున్నాడు, కూర్చోలేకపోతున్నాడు. భయమూ సంతోషమూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఆయన ముఖం మీదికి వస్తున్నాయి.

"ఉయ్యాల ఊపారుగా ఎప్పుడైనా? బలంగా తోయక్కర్లేదు. అది వెనక్కి వచ్చి మళ్ళీ వెళ్ళబోయే క్షణంలో వేలితో తోస్తే చాలు, ఆకాశం అందుకుంటుంది. ప్రతి కట్టడానికీ దానిదైన ఊపు ఒకటి ఉంటుంది. నేను ఇన్నేళ్ళుగా బోర్డు మీద గీసి చెబుతున్నా. మీరు ఆవలిస్తూ రాసుకుంటున్నారు. ఇవాళ మీ కాళ్ళతో రాశారు." ఆయన పెద్దక్క వైపు తిరిగాడు. "మీ దరువూ, ఆ బాల్కనీ ఊపూ ఒక్కటేనమ్మా. అచ్చంగా ఒక్కటే."

పెద్దక్క తల ఎత్తి బాల్కనీని చూసింది. "మేం ఎన్నో హాళ్ళలో ఆడాం," అంది మెల్లగా.

"వాటి ఊపు వేరు. మీ అదృష్టం."

అతుకులమ్మ అడగాల్సింది అడిగింది. "సాయంత్రం అక్కడ జనం నిండా ఉంటారు మాస్టారూ. చివరి ఆటకి అందరూ తొక్కుతారు. పడిపోతుందా?"

"పడుతుందని చెప్పలేను. పడదని కూడా చెప్పలేను. చెప్పలేనప్పుడు అక్కడ మనుషుల్ని కూర్చోబెట్టకూడదు. అంతే."

ఆమె లేచింది. ఈ మాట చెప్పాల్సిన మనిషి హాలు మేనేజరు. ఆ మేనేజరు ఆమె భర్తకు అన్న. వాళ్ళుండే ఇంట్లో కింది వాటా ఆయనది, పై వాటా వీళ్ళది.

* * *

బావగారు తన గదిలో సాయంత్రానికి అతిథుల కుర్చీల వెనక అంటించే పేర్లు సరిచూసుకుంటున్నాడు. ఆమె చెప్పిందంతా తల ఎత్తకుండా విన్నాడు. చివరికి మాత్రం ఎత్తాడు.

"బాల్కనీ మూసేయాలా?"

"అవును బావగారూ."

"ఇవాళ?"

"ఇవాళే."

ఆయన నవ్వాడు. ఆ నవ్వులో నవ్వు లేదు. "అమ్మాయీ, నేను ఈ హాల్లో చేరినప్పుడు నీకు నెత్తిన రెండు జడలు. ఎన్ని సభలు జరిగాయో, ఎంతమంది ఎక్కి దిగారో. చెక్కు చెదరలేదు. ఈ పూట నీ పిల్లలు నాలుగు గంతులేసి సున్నం రాలిందంటే, బాల్కనీ కూలుతుందని ఊరంతా టముకు వేయమంటావా?"

గుమ్మంలో నిలబడ్డ మాస్టారు అందుకున్నాడు. "ఆ సభలన్నిటికీ జనం కూర్చున్నారు సార్. కూర్చునే బరువు వేరు, ఎగిరే బరువు వేరు. అందులోనూ అందరూ ఒక్కసారే ఎగరడం."

"మీరు మొన్నటిదాకా ఈ డాన్సులన్నీ దండగ అన్నారు."

"అన్నాను. నిన్నటిదాకా కూడా అన్నాను."

బావగారు ఆయన్ని వదిలి మళ్ళీ ఆమె వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. ఆ తగ్గించిన గొంతే ఆమెకు ఎక్కువ భయం. ఇంట్లో పిల్లలను మందలించేటప్పుడు ఆయన అలాగే మాట్లాడతాడు.

"ఈ ఉద్యోగానికి నీ పేరు చెప్పింది నేను. మా తమ్ముడి భార్య చురుకైన పిల్ల అని నలుగురిలో చెప్పాను. మర్చిపోకు."

"మర్చిపోలేదు. అందుకే ముందు మీ దగ్గరికి వచ్చాను. మర్చిపోయేదాన్నయితే నేరుగా పైవాళ్ళ దగ్గరికే వెళ్ళేదాన్ని."

"అంటే బెదిరిస్తున్నావా?"

"బెదిరించట్లేదు. బతిమాలుతున్నా."

గోడమీద ఫ్యాను టకటకమంటోంది. ఆమె బల్ల మీద ఉన్న పేర్ల చీటీల వైపు చూసింది. అడగాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించింది. అడిగితే ఇంట్లో ముఖాలు ఎలా చూసుకోవాలో తెలియదు. అడగకపోతే రేపు తన ముఖం తానే చూసుకోలేదు.

"అక్కయ్యకీ, పాపకీ ఎక్కడ సీట్లు ఉంచారు బావగారూ?"

ఆయన చేతిలో చీటీ అలాగే ఆగిపోయింది.

అక్కయ్య అంటే ఆయన భార్య, ఆమెకు తోడికోడలు. పాప అంటే ఆయన కూతురు. బృందం వస్తోందని తెలిసిన రోజునుంచీ కాళ్ళతో నేల మోగిస్తూ ఇల్లు పీకి పందిరి వేస్తున్న పిల్ల. వాళ్ళకు ఆయన ఎక్కడ సీట్లు ఉంచి ఉంటాడో వేరే చెప్పాలా? హాలు మొత్తంలో అందరికంటే బాగా కనబడే చోట. బాల్కనీ, మొదటి వరస, సరిగ్గా మధ్యలో.

ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు.

"చూపించండి," అన్నాడు మాస్టారితో. "నా కళ్ళతో చూస్తే తప్ప నమ్మను."

* * *

మాస్టారు బాల్కనీ పిట్టగోడ మీద గాజుగ్లాసు పెట్టి, అంచుల దాకా నీళ్ళు పోయించాడు. తరగతిలోంచి ముగ్గురంటే ముగ్గుర్ని పిలిచాడు. కింద కుర్చీల్లో ఎవరూ లేకుండా చూసుకున్నాడు. బావగారిని తలుపు దగ్గర, బాల్కనీ గోడకు ఆనిన చోట నిలబెట్టాడు.

"ముందు మీకు నచ్చినట్టు తొక్కండి."

ముగ్గురూ బలంగా తొక్కారు. నీళ్ళు కొంచెం బెదిరి సర్దుకున్నాయి. బావగారి ముఖంలో ధీమా తిరిగి వచ్చింది.

"ఇప్పుడు పెద్దక్క చెప్పినట్టు. మెల్లగానే."

కింద నుంచి పెద్దక్క చప్పట్లతో దరువు ఇచ్చింది. ముగ్గురూ అందుకున్నారు. ఇందాకటి బలంలో సగం కూడా లేదు. నీళ్ళలో ఒక వలయం లేచింది. దాన్ని ఇంకోటి తరిమింది. నీళ్ళు అంచు దాటి పిట్టగోడ మీద కారాయి. తర్వాత గ్లాసే కదిలింది. ఎవరో దారంతో లాగుతున్నట్టు అంగుళం అంగుళం జరిగి, అంచు దాటి, కింద ఖాళీ కుర్చీల మధ్య భళ్ళున పగిలింది.

"ఆపండి," అన్నాడు బావగారు, మాస్టారి కంటే ముందే.

ఆయన గోడకు అరచెయ్యి ఆనించి, ఆ ఊపు పూర్తిగా సద్దుమణిగేదాకా అలాగే నిలబడ్డాడు. జబ్బుపడ్డ మనిషి నాడి పట్టుకున్నట్టుంది. తర్వాత నడుముకున్న తాళాలగుత్తి తీశాడు. విద్యార్థులందర్నీ బయటికి పంపి, బాల్కనీ రెండు వైపుల తలుపులకూ తనే తాళాలు వేశాడు. వేశాక ఒకటికి రెండుసార్లు లాగి చూశాడు.

"ఇప్పుడు సగం జనాన్ని ఎక్కడ కూర్చోబెట్టమంటావు?" అన్నాడు మరదలితో. గొంతులో కోపం ఉంది. కానీ అది ఆమె మీద కాదు.

"మీ దరువు కొంచెం నెమ్మది చేస్తే..." అని మాస్టారు నసిగాడు.

"నెమ్మది చేస్తే అది జవాబు కాదు, జోలపాట," అంది పెద్దక్క. చుట్టూ చూసింది. ఖాళీ వేదిక మీద అటునుంచి ఇటు నడిచి, మడమతో గట్టిగా ఒకటి కొట్టి విన్నది. "దీని కింద ఏముంది?"

"మట్టి," అన్నాడు బావగారు. "నిండా మట్టి పోసి, పైన చెక్క పరిచారు. ఏనుగుల్ని నడిపించినా ఏం కాదు."

"అయితే జనాన్ని ఇక్కడికి తెండి. మా చుట్టూ. మేం మధ్యలో ఆడతాం."

బావగారు ఒంటికాలి మీద లేచాడు. వేదిక మీద జనమా, ఈ హాలు పుట్టిన తర్వాత ఎన్నడైనా విన్నామా అన్నాడు. తెర ఎక్కడ వేస్తారు, దీపాలు ఎవరి కళ్ళల్లో కొడతాయి అన్నాడు. అంటూనే వేదిక కొలతలు అడుగులేసి చూసుకోవడం మొదలుపెట్టాడు. అతుకులమ్మ నవ్వు దాచుకోవడానికి పక్కకు తిరగాల్సి వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆ హాల్లో జరిగింది చూసి తీరాల్సిందే. కట్టడాల తరగతి సుద్దముక్కలతో వేదిక మీద గీతలు గీసింది. నాటకరంగం తరగతి కబురు లేకుండానే పరుగెత్తుకొచ్చి దీపాలు తిప్పింది. బల్లలు ఎంత బరువు మోస్తాయని వాళ్ళు అడిగితే వీళ్ళు చెప్పారు. ఎవరి తల ఎవరికి అడ్డమొస్తుందని వీళ్ళు అడిగితే వాళ్ళు చెప్పారు. లైబ్రరీ కుర్చీలు, క్యాంటీన్ బెంచీలు, ఆఖరికి రిజిస్ట్రారు గదిలో మెత్తటి సోఫా కూడా వేదిక ఎక్కాయి. మాస్టారు పెన్సిలు చెవిమీద మర్చిపోయి పెన్సిలు కోసం వెతుకుతున్నాడు. పెద్దక్క బృందం కుర్చీలు మోస్తూ కూడా దరువు మానలేదు. అతుకులమ్మ ఒక్కచోట నిలబడి ఇదంతా చూసింది. ఇన్నాళ్ళూ ఒక పాఠానికి ఒక కళాకారుణ్ణి అతికించడానికే తల ప్రాణం తోకకు వచ్చేది. ఇవాళ ఆమె చెయ్యి పెట్టకుండానే అన్నీ వాటంతటవే అతుక్కుంటున్నాయి.

* * *

వైస్ చాన్సలర్ వచ్చేసరికి బాల్కనీ చీకట్లో ఉంది. వేదిక మీద జనం కిక్కిరిసి ఉన్నారు.

"నా సీటు?" అన్నాడు.

రిజిస్ట్రారు నీళ్ళు నమిలాడు. అతుకులమ్మ ముందుకు వచ్చి జరిగింది జరిగినట్టు చెప్పింది. దాచలేదు, తగ్గించలేదు. బాల్కనీ ఊగిందని చెప్పింది. ఎందుకు ఊగిందో చెప్పింది. మూయడం ఎవరి నిర్ణయమని ఆయన అడిగాడు.

"నాది సార్," అన్నాడు బావగారు పక్కనుంచి. "హాలు నాది కదా."

ఆమె ఆయన వైపు చూసింది. ఆయన ఆమె వైపు చూడలేదు.

వైస్ చాన్సలర్ మాస్టారిని అడిగాడు. "మీ పాఠంలో ఇది ఉందా?"

"ఇవాళ్టినుంచీ ఉంది సార్."

ఆయన వేదిక ఎక్కి, నర్తకుల బూట్లు చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా ఒక క్యాంటీన్ బెంచీ మీద కూర్చున్నాడు. పక్కనే బావగారి పాప. తొక్కేటప్పుడు మడమ ముందా, వేళ్ళు ముందా అన్నది పాప ఆయనకు అప్పటికే నేర్పడం మొదలుపెట్టింది.

కుర్చీల గొడవ వల్ల ప్రదర్శన గంట ఆలస్యమైంది. కానీ మొదలయ్యాక ఆ గంట ఎవరికీ గుర్తులేదు. దూరం నుంచి చూస్తే నాట్యం. అంత దగ్గరగా చూస్తే అది వేరే. చెమట చుక్క విసురు తెలుస్తుంది. ఊపిరి తెలుస్తుంది. ఒక నర్తకి అడుగు తప్పబోయి పక్కమనిషి చూపుతో సర్దుకోవడం తెలుస్తుంది. చెక్క మీద పడిన ప్రతి దెబ్బా కుర్చీ కాళ్ళలోంచి పాకి వెన్నులోకి వస్తుంది. విరామం దీపాలు వెలిగినప్పుడు చప్పట్లు కొట్టాలని కూడా కొంతమందికి తోచలేదు. తోచాక ఇక ఆపలేదు.

తెర వెనక ఇరుకు సందులో పెద్దక్క తువ్వాలుతో మెడ తుడుచుకుంటోంది. మాస్టారు ఆమెకు నీళ్ళు అందించాడు. అతుకులమ్మ ఆమెను గట్టిగా కావలించుకుంది. ఎవరూ ఏమీ అనుకోలేదు.

బావగారు లోపలికి వచ్చాడు.

"పొద్దున నేనన్న మాటలు..." అని మొదలుపెట్టి, పూర్తి చేయడం చేతకాక వేరే దారి పట్టాడు. "మాస్టారూ, రేపు మీరు నాతో ఒకచోటికి రావాలి. నది అవతలి పట్నంలో హాలు మేనేజరు నా స్నేహితుడు. అతనికీ చూపించాలి."

"అతనికెందుకు?"

"ఇదీ అదీ కవలలు. ఒకే ఏడు కట్టారు, ఒకే ప్లాను. అదే బాల్కనీ, కింద స్తంభాల్లేకుండా. ఇటు ఒక కుర్చీ ఎక్కువ లేదు, అటు ఒక కుర్చీ తక్కువ లేదు."

పెద్దక్క చేతిలో తువ్వాలు జారిపోయింది.

"నది అవతలి పట్నమా? రైలు స్టేషను ఎదురుగా ఉన్న హాలా?"

"అవును. ఏం?"

ఆమె గోడ పట్టుకుంది. "పిలుపులు ఎక్కువై ఈ నెల బృందాన్ని రెండు చేశాం. మా చెల్లెలు సగంమందిని తీసుకుని వెళ్ళింది. ఇవాళ అక్కడే ఆడుతోంది. ఇదే ఆట."

అతుకులమ్మ అప్పటికే ఫోను తీసింది. "చెల్లెలి నంబరు చెప్పండి అక్కా."

"ఆటలో ఫోన్లు ఆపేస్తాం. బృందం మొత్తం."

"మేనేజరుకి చేస్తాను," అన్నాడు బావగారు. ఒకసారి తప్పు నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు.

"మనకి గంట ఆలస్యమైంది," అన్నాడు మాస్టారు. "వాళ్ళకి కాలేదు. ఈ పాటికి అక్కడ ఏ ఆట నడుస్తూ ఉంటుంది?"

పెద్దక్క పెదవులు కదులుతున్నాయి. ఏ ఆట తర్వాత ఏ ఆటో లోలోపల లెక్క కట్టుకుంటోంది.

అవతల ఎవరో ఫోను ఎత్తారు. బావగారు స్పీకరు నొక్కాడు.

"హలో," అన్నది ఒక కుర్ర గొంతు. ఆ చప్పుడులో వినబడక అరుస్తోంది. "హలో, ఎవరండీ? ఇక్కడ ఏమీ వినబడట్లేదు. గట్టిగా చెప్పండి."

ఆ గొంతు వెనక నుంచి, వందల కాళ్ళు ఒకే కాలై పడుతున్న చప్పుడు ఆ ఇరుకు సందంతా నిండిపోయింది.

"జవాబు," అంది పెద్దక్క. "జవాబు మొదలైపోయింది."